‘ఈ వారం ఎన్నిసార్లు ఏడ్చినవ్?’

ఏఎన్‌ఎం ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలిద్దరు మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక మా ఇంటికి వచ్చారు. ఏఎన్‌ఎం అంటే సగం రోజు దవాఖానాలో, సగం రోజు గల్లీల్లో ఉండే నర్సు. గర్భిణులను చూడటం, పిల్లలకు సూదులు వేయడం, రానివాళ్ళ ఇంటికి వెళ్ళి తలుపు కొట్టడం, అన్నీ ఆమె పనే. ముప్ఫై ఏళ్ళకు పైగా నేను చేసింది అదే. మొదట ఉప్పల్‌లో, తర్వాత రిటైరయ్యేదాకా నాచారంలో.

“ఆంటీ, ఈ పనిల అన్నిటికన్నా కష్టమేంది?” అని అడిగారు. ఎండలో తిరగడమనో, రిపోర్టులనో చెబుతాననుకున్నట్టున్నారు.

“నోరు” అన్నాను.

వాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. సూది తప్పుగా గుచ్చితే చెయ్యి వాస్తుంది, రెండు రోజులకు తగ్గుతుంది. తప్పు మాట గుచ్చితే ఆ వాపు ఎక్కడ వచ్చిందో కూడా మనకు తెలియదు. నాకు తెలిసింది మాత్రం రేణుక అనే పిల్ల వల్ల. అది చెబుతుంటే రెండు కప్పుల టీ చల్లారిపోయింది. వెళ్ళేటప్పుడు “రాసిపెట్టు ఆంటీ, మళ్ళ మర్చిపోతం” అన్నారు. అందుకే రాస్తున్నాను.

నవ్వుల గది

మా దగ్గర బుధవారం గర్భిణుల రోజు. నాచారం కంపెనీల్లో పనిచేసే ఆడపిల్లలు, జనగామ నుంచో భువనగిరి నుంచో మొగుళ్ళతో వచ్చి ఒంటి గది కిరాయికి తీసుకున్న పిల్లలు, పొద్దున్నే బెంచీల మీద కూర్చుని ఉండేవారు. తొలి కాన్పు వాళ్ళను నేను దూరం నుంచే గుర్తుపట్టేదాన్ని. రెండో కాన్పు ఆమె తూగుతూ కూర్చుంటుంది. తొలి కాన్పు పిల్ల కార్డును రెండు చేతులతో పట్టుకుని, ఎవరి పేరు పిలిచినా లేచి నిలబడుతుంది.

నా గదికి ఒక రూల్ ఉండేది. “ఈడ ఏడుపు బంద్” అనేదాన్ని. ఎవరి కళ్ళన్నా తడిస్తే చాలు, గడ్డం పట్టుకుని, “ఏడువకు బిడ్డా, తల్లి ఏడిస్తే కడుపుల పిల్లకు తగులుతది. నవ్వు జర” అనేదాన్ని. ఒక జోకు వేసేదాన్ని. ఆ పిల్ల నవ్వేది, బెంచీ అంతా నవ్వేది. సిస్టరమ్మ గది నవ్వుల గది అని నాచారంలో పేరు. ఆ పేరు నాకు మస్తు ఇష్టం, అబద్ధమెందుకు.

నాకూ ఆ మాట పెద్దవాళ్ళు చెప్పిందే. నా తొలి కాన్పప్పుడు ట్రైనింగ్ హాస్టల్‌లో ఉన్నాను. వార్డు పెద్ద సిస్టర్ ఒకావిడ, నేను కళ్ళు తుడుచుకోవడం చూసి అదే మాట అంది. ఆ రోజు నుంచి నేను బాత్రూంలో నల్లా విప్పి ఏడ్చేదాన్ని, చప్పుడు వినపడకుండా. ఆ మాట వల్ల ఏడుపు ఆగదని, నల్లా విప్పుకోవడం మాత్రం వస్తుందని నాకంటే బాగా ఎవరికి తెలియాలి? తెలిసి కూడా వందల మంది పిల్లలకు అదే మాట చెప్పాను. అత్తరికం చేతికొచ్చిన కోడలు కథే నాది కూడా.

మా డాక్టరు శారద మేడం నా గదిలోకి తొంగిచూసి ఒకసారి అంది: “సిస్టర్, మీ రూమ్‌లో అందరూ హ్యాపీ. నా రూమ్‌కి వచ్చేసరికి సగం మందికి నిద్ర లేదు, ఆకలి లేదు. మధ్యలో ఉన్నది ఒక గోడే కదా, ఏం జరుగుతోంది?”

మేడం మాటల్లో కోపం ఉండదు. కానీ నాకు ఒళ్ళు మండింది. నేను తెచ్చుకున్న పేరు చూసి ఓర్వలేకపోతోంది అనుకున్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఏమిటో తర్వాత తెలిసింది.

బుధవారం సెలవా?

రేణుక మూడో నెలలో మొదటిసారి వచ్చింది. ఇరవై రెండేళ్ళు. బిస్కెట్ల కంపెనీలో ప్యాకింగ్ పని. మొగుడు నరేశ్ ప్లాస్టిక్ డబ్బాలు చేసే కంపెనీలో మిషన్ మీద. మౌలాలి వైపు రైలు పట్టాల దగ్గర ఒక గదిలో కిరాయికి ఉండేవారు.

మొదటి రోజు కార్డు రాస్తూ, “తల్లిగారిల్లు ఎక్కడ బిడ్డా? తొలి కాన్పుకు తోల్కపోతరు గదా” అని అడిగాను. తొలి కాన్పు అమ్మగారింట్లో చేయడం మనకు ఆనవాయితీ కనుక, ఏ ఊరికి వెళ్తుందో రాసుకోవడం మా అలవాటు.

“అమ్మ లేదు సిస్టరమ్మా. నన్ను కన్నప్పుడే పోయింది. నానమ్మ సాదింది” అంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నేనేం చేశానో ఊహించే ఉంటారు. గడ్డం పట్టుకున్నాను. తగులుతది అన్నాను. నవ్వమన్నాను. ఆ పిల్ల నవ్వింది. ఎంత తొందరగా నవ్విందంటే, నేను నా గొప్పే అనుకున్నాను.

ఐదో నెలలో పిల్ల గుండె చప్పుడు వినిపించే మిషన్ పెట్టాను. తొలి కాన్పు వాళ్ళకు అదొక పండుగ. ఫోన్‌లో రికార్డు చేసుకుని మొగుడికి పంపుతారు. రేణుక మాత్రం మొహం గోడవైపు తిప్పుకుని, “మీరే వినున్రి సిస్టరమ్మా, నాకొద్దు” అంది. సిగ్గనుకున్నాను. నవ్వు మొహం ఎలాగూ ఉంది కదా. కార్డు మీద ‘బాగుంది’ అని రాశాను.

ఆ తర్వాత రెండు బుధవారాలు రాలేదు. ఊరికి పోయి ఉంటుందిలే అనుకున్నాను. మూడో బుధవారమూ అట్లాగే గడిచిన మరునాడు నరేశ్ డ్యూటీ దిగి, టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకుని మా దవాఖానా గడప దగ్గర నిలబడ్డాడు.

“సిస్టరమ్మా, బుధవారం దవాఖానా బంద్ పెట్టిన్రా?”

“ఎవలు చెప్పిన్రు?”

“రేణు చెప్పింది. నిన్న సెలవు, పోయిన వారం సెలవు అన్నది. నాకు ఎందుకో అనుమానమొచ్చింది.”

ఆరో నెల నడుస్తోంది. సంచి తీసుకుని అతని వెంటే నడిచాను.

రైలు పట్టాల పక్కన

రేణుక గడప మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. నన్ను చూడగానే నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు భయం వేసింది. పట్టుబడ్డ మనిషి నవ్వాల్సిన నవ్వు కాదది. నరేశ్‌ని పాలప్యాకెట్ తెమ్మని పంపించి, నేనూ ఆమె పక్కన గడప మీదే కూర్చున్నాను.

“ఎందుకు వస్తలేవు బిడ్డా? కోపంగిట్ల అడుగుతలేను.”

చాలాసేపు బియ్యంలో వేళ్ళు తిప్పింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని భయం ఎవరికైనా ఉంటుంది. చివరికి తల ఎత్తకుండానే అంది:

“మీరే చెప్పిన్రు గదా సిస్టరమ్మా. ఏడిస్తే పిల్లకు తగులుతదని. నేను రోజు ఏడుస్తున్న. ఆపుదామంటే ఆగుతలేదు. ఇప్పటికే దానికి ఏమో అయ్యే ఉంటది. అది మీ నోటెంబడి వినుడెందుకని రాలేదు.”

చేటలోంచి ఒక రాయి ఏరి గడప అవతలికి విసిరింది.

“నేను మా అమ్మను మింగిన. నానమ్మ చిన్నప్పటి సంది అంటుండె, ‘తల్లిని మింగినవ్’ అని. ఇప్పుడు పిల్లను గూడ మింగుతున్న. అందుకే కడుపు మీద చెయ్యి గూడ పెడ్తలేను. దాని మీద పానం పెట్టుకుంటె, మల్ల పోతె, నేను తట్టుకుంటనా?”

అప్పుడు రైలు ఒకటి వెళ్ళింది. ఆ కొంచెం సేపట్లో నాకు మూడు నెలలు తిరిగి కనబడ్డాయి. బుధవారం బుధవారం నా ముందు కూర్చుని నవ్విన మొహం, గోడవైపు తిప్పుకున్న మొహం. నేను నవ్వమన్నాను కనుక నవ్వింది. నవ్వింది కనుక నేను అడగలేదు. ఆ పిల్ల కడుపులో బిడ్డను మోస్తూ, దాన్ని తానే చంపుతున్నానన్న భయాన్ని కూడా మోసింది. ఆ రెండో బరువు ఆమె తలకెత్తింది నేను.

“తప్పు నాది బిడ్డా” అన్నాను. “నేను అన్నది తప్పు. నేను గూడ కడుపుతోని ఉన్నప్పుడు ఏడ్చిన. నల్లా ఇప్పి ఏడ్చిన. నా కొడుకు మంచిగనే పుట్టిండు. ఇప్పుడు నా మీదనే ఎగురుతడు.”

అప్పుడు రేణుక ఏడ్చింది. చేట ఒళ్ళోనుంచి జారి బియ్యం కింద పడ్డాయి. నేను గడ్డం పట్టుకోలేదు, జోకు వేయలేదు. ఎంత కష్టమో తెలుసా, ముప్ఫై ఏళ్ళ అలవాటును ఆపుకుని చేతులు ఒళ్ళో పెట్టుకు కూర్చోవడం? నరేశ్ పాలప్యాకెట్‌తో వచ్చి, గడప దగ్గర ఏడుస్తున్న ఇద్దరు ఆడవాళ్ళను చూసి, మళ్ళీ వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. తెలివైనవాడు.

పుట్టుడు తప్ప

మరునాడే ఆమెను శారద మేడం దగ్గరికి తీసుకుపోయాను. జరిగింది జరిగినట్టు, నేనన్న మాటతో సహా చెప్పాను. మేడం నన్ను ఏమీ అనలేదు. అంతకుముందు అన్నదాన్ని గుర్తు కూడా చేయలేదు. ఆమె స్థానంలో నేనుంటే ‘చెప్పలేదా’ అని ఒక్కసారన్నా అనేదాన్ని. ఆ ఒక్క విషయానికే ఆమెకు ఇవాళ్టికీ దండం పెడతాను.

రేణుకను కూర్చోబెట్టి అడిగింది: “మీ అమ్మకు ఏమైందని చెప్పారు? నాకు ఎవరూ చెప్పనట్టు, మొదటి నుంచి చెప్పు.”

రేణుక చెప్పింది. ఇంట్లోనే కాన్పు. పిల్ల పుట్టింది. ఆ తర్వాత చీరలు చీరలు తడిసిపోయాయి. బండి కట్టి రోడ్డు దాకా తెచ్చేసరికి అయిపోయింది.

“కాన్పయ్యాక నెత్తురు ఆగలేదు” అంది మేడం. “మందు లేదు, రక్తం లేదు, అంబులెన్స్ లేదు. అందుకు పోయింది మీ అమ్మ. అందులో నువ్వు చేసింది ఏమీ లేదు, పుట్టుడు తప్ప. ఇప్పుడు నీకు మందుంది, రక్తం ముందే చూసిపెడతాం, అంబులెన్స్ ఉంది. నిన్ను పెద్దాసుపత్రిలోనే కనేలా రాస్తున్నాను. ఇంక ఏడుపు సంగతి. ఏడుపు వల్ల పిల్లకు ఏమీ కాదు. కానీ రోజంతా ఏడుపే అయి, నిద్ర లేక, తిండి సయించకపోతే అది నీకు జబ్బు. దానికి డాక్టరున్నారు. వెళ్దాం. బీపీ వస్తే డాక్టరు దగ్గరికి వెళ్ళమా?”

రేణుక నా మొహం చూసింది, నిజమేనా అన్నట్టు. నేను తల ఊపాను. మనసు డాక్టరు దగ్గరికి ఇద్దరం ఆటోలో ఉప్పల్ మీదుగా పోయాం. మూడు నాలుగు సార్లు పోయాం. రింగ్ రోడ్డు దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడల్లా ఆ పిల్ల వాళ్ళ నానమ్మ గురించి చెప్పేది. తిట్టిన నోటితోనే గోరుముద్దలు తినిపించిన నానమ్మ. ట్రాఫిక్‌కు నేను థాంక్స్ చెప్పుకున్నది జీవితంలో అప్పుడొక్కసారే.

మళ్ళీ తొందరపడ్డాను

నేను అంతటితో బుద్ధి తెచ్చుకున్నానంటే నమ్మకండి. ఒక తప్పు దిద్దుకునే తొందరలో ఇంకొకటి చేశాను. ఏడో నెలలో రేణుక కొంచెం తేరుకుంది. నిద్ర పడుతోంది. ఇంక ప్రేమ రావాలి కదా అని నేను వెంటపడ్డాను. “కడుపు మీద చెయ్యి పెట్టు. దానితోని మాట్లాడు. పాట పాడు. రోజు పది నిమిషాలు” అన్నాను. తరువాతి బుధవారం, “మాట్లాడినవా?” అని అడిగాను. తప్పు చేసిన బడిపిల్లలా తల దించుకుంది.

“ఏం మాట్లాడాల్నో తెలుస్తలేదు సిస్టరమ్మా. ‘అన్నం తిన్నవా’ అన్న. తర్వాత ఏం రాలేదు.”

శారద మేడం విన్నది. బయటికి పిలిచి నవ్వుతూ అంది: “సిస్టర్, ప్రేమను ఐరన్ గోలీలాగా రోజుకొకటి రాస్తున్నారా? ఆ పిల్లను వదిలేయండి. పిల్ల ఏం చేస్తోందో మాత్రం అడగండి. ఆమెకు ఏం అనిపించాలో చెప్పకండి.”

ఇది విన్నాక ఒళ్ళు మండలేదు. అదొక్కటి నా ప్రమోషన్ అనుకోండి.

తరువాతి బుధవారం ఇంకేమీ అనకుండా, “పిల్ల ఎప్పుడెప్పుడు కదులుతున్నది?” అని మాత్రం అడిగాను.

“కంపెనీల లంచ్ బెల్ కొడితె సిస్టరమ్మా, ఒకటే తన్నుడు” అంది విసుక్కుంటూ. “నేను టిఫిన్ తీయకముందుకే తంతది. పొద్దుగాల బెల్లుకు తన్నదు, సాయంత్రం ఛుట్టీ బెల్లుకు తన్నదు. దానికి లంచ్ బెల్లు ఎరుకే. తిండిపోతు ముండ!”

నేను తలవంచుకుని కార్డు రాస్తున్నట్టు నటించాను. ఎందుకంటే ఆ పిల్ల మొదటిసారి దాన్ని ఒక మనిషిలాగా తిట్టింది. ఇష్టాయిష్టాలున్న ఒక మనిషిలాగా. ఇష్టం లేనివాళ్ళను మనం అంత వివరంగా తిట్టం.

మీకు చెప్పేది

ఆ తర్వాత నా గది రూల్ మార్చేశాను. బరువు చూశాక, బీపీ చూశాక, మూడో ప్రశ్న పెట్టాను: “ఈ వారం ఎన్నిసార్లు ఏడ్చినవ్?” కొత్తలో అందరూ నన్ను అనుమానంగా చూసేవారు. ఒకామె, “లెక్కపెట్టాల్నా సిస్టరమ్మా? చెప్పకపోతిరి” అంది. బోడుప్పల్ నుంచి వచ్చే ఒక పిల్ల, “మా ఆయన క్రికెట్ చూసి ఏడ్చిండు, అది కూడ రాస్తరా?” అంది. నవ్వు నా గదిలోంచి పోలేదు. ఏడుపు కూడా వచ్చి కూర్చుంది, అంతే.

ఏడవలేదు అన్న పిల్లను రెండోసారి అడగండి. కొన్నిసార్లు ఏడవనివాళ్ళే ఎక్కువ కష్టంలో ఉంటారు. ఏడ్చిన పిల్లను ఊరుకోబెట్టే తొందర మీకెందుకో ఒకసారి ఆలోచించుకోండి. నా విషయంలో నిజం చెబితే, బెంచీ నిండా జనం ఉన్నారు, ఏడుపు విననీకి నాకు టైం లేదు, ఓపిక లేదు. దానికి పిల్ల మంచి అని పేరు పెట్టాను. నిద్ర పట్టక, ఆకలి లేక, బతుకు మీద విరక్తి మాటలు వస్తే మాత్రం మీ ఓదార్పు చాలదు. ఆ రోజే డాక్టరుకు చెప్పండి, మీరే వెంట వెళ్ళండి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, మన పనిలో చెవి మంచిదైతే చాలు.

నాకు ఆ చెవిని ఇచ్చింది రేణుక. నా ముఖం మీద చెప్పింది, నీ మాట వల్లనే రాలేదని. ఎంతమంది చెప్పకుండా వెళ్ళిపోయారో దేవుడికే ఎరుక. వాళ్ళకు క్షమాపణ, ఈమెకు కృతజ్ఞత. ప్రార్థనలో రెండూ ఒకేసారి చెప్పుకుంటాను.

ఆరో వారం సూది

పెద్దాసుపత్రిలో కాన్పు మామూలుగా అయింది. సిద్ధంగా పెట్టిన రక్తం అక్కర పడలేదు. ఆడపిల్ల. నరేశ్ ఫోన్ చేసి ఒక్క మాట కూడా సరిగ్గా చెప్పలేకపోయాడు. మూడో రోజు రేణుక తనే ఫోన్ చేసింది.

“సిస్టరమ్మా, ఎవలకు చెప్పద్దు. దాన్ని సూస్తె నాకేం అనిపిస్తలేదు. పక్కింటోళ్ళ పిల్ల లెక్కనే ఉన్నది. లోపట ఉన్నప్పుడే నయముండె.”

ఒకప్పటి నేనైతే ‘ఛీ, అట్ల అనకు’ అనేదాన్ని. “చెప్పి మంచి పని చేసినవ్” అన్నాను. “చానా మందికి గట్లనే ఉంటది. ఆకలైతె పాలియ్యి, తడిస్తె మార్చు. కొత్త మనిషి గదా, పరిచయం కావాలె.” మేడంకు కూడా చెప్పి, మనసు డాక్టరుకు ఇంకోసారి చూపించాం. రోజు విడిచి రోజు ఫోన్ చేశాను. బాగైందా అని అడగలేదు. పిల్ల ఏం చేస్తున్నది అని అడిగాను.

ఆరో వారం సూదులకు రేణుక పిల్లనెత్తుకుని వచ్చింది. సూదుల రోజు మా హాలు ఎట్లుంటుందో మీకు తెలుసు. పిల్ల ఏడవగానే అందరం కలిసి దాడి చేస్తాం. ఒకరు చిటికెలు, ఒకరు గిలక, ఒకరు ‘అదిగో కాకి’. తల్లులు కంగారుగా ఊపేస్తారు. నొప్పి పుట్టినట్టు పిల్లకు తెలియకూడదన్నట్టే ఉంటుంది మా గోల.

తొడకు సూది దించాను. పిల్ల ఒక క్షణం ఊపిరి బిగబట్టి, ఎర్రగా కందిపోయి, హాలు దద్దరిల్లేలా అందుకుంది. పక్కనున్న ముసలామె చిటికెలు మొదలుపెట్టింది. నా నోరు కూడా తెరుచుకుంది, ఏదో ఒకటి అనడానికి.

రేణుక ఎవరి వైపూ చూడలేదు. పిల్ల తలను తన చెంపకు ఆనించుకుంది.

“నొప్పైంది గదా బిడ్డా” అంది. “మస్తు నొప్పైంది. ఏడ్వు. నీ ఏడుపుతోని నాకేం కాదు. నేను ఈడనే ఉన్న.”